మజిలీ దొరకని బండి

కాశీమజిలీ కథలు చదవని ఇల్లు ఒకప్పుడు తెలుగునాట అరుదు. మణిసిద్ధుడనే యతి, వెంట ఒక గొల్లపిల్లవాడు, ఇద్దరూ కాశీకి నడిచిపోతూ ఉంటారు. పొద్దుగూకేవేళకు ఒక ఊరు చేరి, వండుకుని, తిని, నడుం వాలుస్తారు. దారిలో ఏదో వింత చూసిన పిల్లవాడు దాని కథ చెబితే గాని ఊరుకోనంటాడు. కథ అయ్యేసరికి నిద్ర. తెల్లవారి మళ్లీ నడక. మధిర సుబ్బన్న దీక్షితులుగారు అన్ని సంపుటాలు రాయగలిగారంటే, దారిపొడుగునా అన్ని మజిలీలు ఉండబట్టే గదా!

మజిలీ అన్న మాట తమాషా అయినది. ఆగే చోటునూ మజిలీ అనే అన్నారు, ఒక రోజు నడిచే దూరాన్నీ మజిలీ అనే అన్నారు. అంటే నడక ఎంత అన్నది కాళ్ల సత్తువను బట్టి కాదు, పడుకునే చోటు ఎక్కడుందో దాన్ని బట్టి నిర్ణయమయ్యేదన్న మాట. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, కడప, హైదరాబాదు, నిర్మల, నాగపూరుల మీదుగా కాశీ వెళ్లి, కలకత్తా నుంచి సముద్రతీరం వెంబడి దిగివచ్చి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన కాశీయాత్రచరిత్రలో దేవుళ్ల సంగతి ఎంత శ్రద్ధగా రాశారో మజిలీల సంగతీ అంత శ్రద్ధగా రాశారు. ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు ఎట్లాంటివి, దిగడానికి వసతి ఉందా, దారిలో దొంగల భయం ఉందా అని ఎక్కడికక్కడ చెప్పుకుంటూ పోయారు.

వెళ్లేటప్పుడు ఆయన పోయిన దారికి కాస్త అటూ ఇటూగా ఇవాళ 44 నంబరు జాతీయ రహదారి ఉంది. వచ్చేటప్పుడు ఆయన దిగిన తీరం వెంబడి 16 నంబరు రహదారి ఉంది. పల్లకీలు పోయాయి. నాలుగు వరసల రోడ్డు, ఆరు వరసల రోడ్డు, ఫాస్టాగు, మధ్యలో గన్నేరు పూలచెట్లు అన్నీ వచ్చాయి. ఈనాడు ఆ దారుల్లో రాత్రింబగళ్లు నడిచే బాటసారి లారీ డ్రైవరు. మజిలీ ఒక్కటే అతనికి మిగల్లేదు.

ఇది మనకెందుకు అంటారేమో. ఒకసారి వంటింట్లోకి తొంగి చూడండి. బుట్టలో ఉల్లిపాయలు మహారాష్ట్ర నుంచి వచ్చి ఉంటాయి. పిల్లలు కొరికే ఆపిలు పండు కాశ్మీరులో లారీ ఎక్కి దేశం పొడుగునా దిగి ఉంటుంది. మన మదనపల్లె టమాటాలు ఉత్తరాదికి వెళతాయి. భీమవరం, కైకలూరు ప్రాంతాల చెరువు చేపలు మంచు వేసుకుని హౌరా బజారుకు వెళతాయి. గోదావరి జిల్లాల కోడిగుడ్లు బెంగాలు దాటి అస్సాం దాకా వెళతాయి. విజయవాడ నుంచి కలకత్తాకు సుమారు పన్నెండువందల కిలోమీటర్లు. చేపల లారీకి దారిలో ముచ్చట్లుండవు. మంచు కరగడం మొదలుపెడితే సరుకు ధరా కరగడం మొదలుపెడుతుంది.

ఇంత చేసి లారీ డ్రైవరంటే మనకు గౌరవం ఉందా అంటే, ఉందని నేను చెప్పలేను. కారులో పోతూ ఎదర లారీ అడ్డం వస్తే ఏమంటామో పిల్లల ముందు రాయకూడదు. ఎక్కడైనా ప్రమాదం జరిగితే పత్రికలో ఒక వాక్యం తయారుగా ఉంటుంది: "డ్రైవరు నిద్రమత్తే కారణమని భావిస్తున్నారు." అక్కడితో వార్త అయిపోతుంది. ఆ మనిషికి నిద్ర ఎప్పటినుంచి లేదు, పోదామంటే చోటు ఎక్కడుంది అని అడిగిన వార్త నా కంట పడలేదు. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వారిలో మూడోవంతుకు పైగా జాతీయ రహదారుల మీద పోయారు. రోడ్ల పొడుగు లెక్కలో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్లే.

ఆ మధ్య తుని దగ్గర ఒక టీ కొట్టు ముందు కైకలూరు డ్రైవరు ఒకతను పక్కన కూర్చుంటే మాటల్లో పెట్టాను. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రాత్రి ఎక్కడ పడుకున్నావు బాబూ?"

"పడుకోవడం ఎక్కడండీ! బంకు పక్కన ఆపి, స్టీరింగు మీద తలపెట్టి కునుకు తీశానండి."

"దాబాలో మంచాలు వేస్తారు గదా?"

"ఏస్తారండి. మంచం మీద నేను పడుకుంటే బండి ఎవరు చూస్తారండి?"

"క్లీనరు లేడా?"

"క్లీనరుకు జీతమిచ్చే రోజులు పోయాయండి. ఒక్కణ్ణే."

"దాబా ఆయనకి చెప్పి పడుకోరాదూ?"

అతను నవ్వాడు. "ఆయన అన్నం పెడతాడండి. డీజిలు కాయడు గదండీ!"

నేను చెప్పదలచిన సంగతంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. లారీ డ్రైవరుకు కావలసింది మంచం అనుకుంటాం మనం. మంచం తరవాతి మాట. పెద్ద లారీ ట్యాంకులో మూడు నాలుగువందల లీటర్ల డీజిలు పడుతుంది. ఈనాటి ధరలో అది ముప్ఫైవేల రూపాయల పైమాట. ఒక గొట్టం, రెండు డబ్బాలు ఉంటే చాలు, అరగంటలో సగం ఖాళీ చేస్తారు. వెనక స్టెప్నీ టైరు ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, లోడు మీద కప్పిన టార్పాలిను ఉంటుంది. టార్పాలిను కింద సరుకు ఉంటుంది. దిగేచోట నాలుగు బస్తాలు తగ్గితే ఆ కోత చివరికి ఎవరి కిరాయిలోంచి పోతుందో వేరే చెప్పాలా? అందుకని అతను బండిలోనే ఒక కన్ను తెరిచి పడుకుంటాడు. పసిబిడ్డకు జ్వరం కాసిన రాత్రి తల్లి ఎట్లా పడుకుంటుందో మన ఆడవాళ్లకు బాగా తెలుసు. ఒళ్లు మంచం మీద, చెవి ఉయ్యాల మీద. తెల్లారి లేచిన ఆ తల్లిని నిద్రపోయిందనగలమా? ఆ తల్లికి అది రెండు రాత్రులో మూడు రాత్రులో. ఇతనికి ట్రిప్పు ఉన్నన్ని రాత్రులూ అంతే.

డీజిలు పోవడం చిన్న భయం. పెద్ద భయం మన ఒంగోలు పక్కనే ఒకసారి నిజమైంది. 2008లో ఒక ముఠావాళ్లు రాత్రివేళ అధికారుల వేషం కట్టి రహదారి మీద లారీలను తనిఖీ పేరుతో ఆపేవారు. దిగిన డ్రైవర్లనూ క్లీనర్లనూ చంపి, సరుకు అమ్ముకుని, బళ్లను విప్పి ఇనుపముక్కలుగా మార్చేవారు. మనుషులు కనిపించడం లేదు, బళ్లు కనిపించడం లేదు, ఏమయ్యారో ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆ కేసుల్లో 2021 మే నెలలో ఒంగోలు కోర్టు పన్నెండుమందికి మరణశిక్ష చెప్పింది. ఇట్లాంటివి రోజూ జరుగుతాయని కాదు. ఒక్కసారి జరిగితే చాలు, ఆ దారిన పోయే ప్రతి డ్రైవరూ చీకట్లో ఎవరు చెయ్యెత్తినా గుండె గుబుక్కుమంటూ పోతాడు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్న జ్ఞానం వాళ్లలో వాళ్లు ఒకరికొకరు చెప్పుకునేదే. "ఆ మలుపు దగ్గర ఆపకురా, ఈ బంకు దగ్గర పరవాలేదు" అని. వీరాస్వామయ్యగారు పుస్తకంలో రాసిన పనే వీళ్లు ఫోనులో చేసుకుంటున్నారు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం అని ఒకటి చేశారు. రోజుకు ఎనిమిది గంటల పని, దూరప్రయాణాలైతే పది గంటల దాకా. అయిదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం. రాత్రి ఆగవలసిన ప్రతిచోటా యజమాని విశ్రాంతి గది ఏర్పాటు చెయ్యాలి. చదువుతుంటేనే నిద్ర హాయిగా పట్టేటట్టుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో దీన్ని కలిపేశారు. అయితే 1961 చట్టం అయిదుగురూ అంతకుమించీ పనివాళ్లున్న సంస్థలకు మాట్లాడింది. మన దేశంలో లారీలు చాలామటుకు ఒకటీ రెండూ బళ్లున్న చిన్న యజమానులవి. కిస్తీల మీద బండి కొని తనే నడుపుకునే మనిషి ఎవరిని అడిగి గది కట్టించుకోవాలి? తనకు తనే నోటీసు ఇచ్చుకోవాలి కాబోలు.

ఇంకొక మంచి నిబంధన ఉండేది. నేషనల్ పర్మిటు లారీలో ఇద్దరు డ్రైవర్లుండాలి, సీటు వెనక రెండోవాడు ఒళ్లు చాపుకుని పడుకునే పడక ఉండాలి అని. 2018లో ఇద్దరు డ్రైవర్ల షరతు ఎత్తివేశారు. అంతకు ముందు ఏడాది, 2017 జూలైలో జీఎస్టీ రావడంతో రాష్ట్రాల పొలిమేరల్లో అమ్మకంపన్ను చెక్‌పోస్టులూ ఎత్తివేశారు. తడ దగ్గరా ఇచ్ఛాపురం దగ్గరా గంటల తరబడి బారులు తీరి నిలబడ్డ లారీలను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బారులో డ్రైవర్లు నిద్రపోయేవారు. ముందుబండి కదిలితే వెనకవాడు హారను కొట్టి లేపేవాడు. చెక్‌పోస్టులు పోవడం మంచిదే, మామూళ్ల బెడద తగ్గింది, సరుకు తొందరగా చేరుతోంది, కాదన్నవాణ్ణి కాను. కాని ఎవరూ ఉద్దేశించకుండా దొరికిన ఆ కాస్త నిద్ర కూడా దాంతోపాటే పోయిందని ఎవరైనా లెక్క వేశారా? రెండో డ్రైవరు పోయాడు, బారు పోయింది, రోడ్డు బాగుపడింది. బాగుపడ్డ రోడ్డు మీద నిద్ర ఇంకా తొందరగా వస్తుంది. గుంతల రోడ్డు మీద ఎవరికీ కునుకు పట్టదు గదా.

నిద్ర సంగతి వైద్యులు ఏమంటారో చూద్దాం. రాత్రి రెండు నుంచి అయిదు దాకా మనిషి ఒళ్లు దానంతటదే చల్లబడి నిద్రకు ఒదుగుతుంది. ఎంత గట్టివాడైనా ఆ వేళ ఒంటితో పోట్లాడలేడు. బాగా అలిసినవాడికి కళ్లు తెరిచి ఉండగానే మూడు నాలుగు సెకన్లు స్పృహ తప్పినట్టవుతుంది. అతనికి ఆ సంగతే తెలియదు. అరవై కిలోమీటర్ల వేగంతో పోయే లారీ నాలుగు సెకన్లలో అరవై ఆరు మీటర్ల పైచిలుకు దూరం పోతుంది. అంత దూరం ఆ బండిని ఎవరూ నడపడం లేదన్న మాట.

ఆస్ట్రేలియాలో 1997లో ఒక పరిశోధన జరిగింది. పదిహేడు గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు, నూరు మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి పనితీరుతో సమానమని తేల్చారు. మన చట్టం డ్రైవరుకు ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. తాగినవాడి చేత గొట్టంలోకి ఊదించి పట్టుకోవచ్చు. నిద్రలేనివాడి చేత ఏం ఊదిస్తాం?

ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఒక పని చేస్తున్నారు. రాత్రివేళ బళ్లను ఆపి, డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపుతున్నారు. కొన్నిచోట్ల టీ కూడా ఇస్తున్నారు. చలిలో నిలబడి ఆ పని చేస్తున్న కానిస్టేబుళ్లకు దణ్ణం పెట్టాలి. కాని నీళ్లు కళ్లు తెరిపిస్తాయే గాని నిద్ర బాకీ తీర్చవు. ఆ బాకీకి నిద్ర ఒక్కటే చెల్లుబాటయ్యే నాణెం. మొహం కడిగించిన చోటే బండి నిలుపుకుని నాలుగు గంటలు పడుకునే జాగా ఉంటే పోలీసుల శ్రమ పూర్తిగా ఫలించేది. అది లేక ఏమవుతోంది? ఇక చేతకాక డ్రైవరు రోడ్డు వారగా ఆపేస్తాడు. వెనక దీపాలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. తెల్లవారుజామున పెళ్లివారి కారు వచ్చి ఆ నిలబడ్డ లారీని గుద్దుకుంటుంది. ఇట్లాంటి వార్త చదవని నెల ఉందా? అప్పుడు మనం లారీవాణ్ణి తిడతాం. అతను ఆగినా మనకు ముప్పే, ఆగకపోయినా మనకు ముప్పే. ఆగడానికి చోటు చూపించడం ఒక్కటే మిగిలింది.

ఈ బాధ మనకొక్కరికే కాదు, డబ్బున్న దేశాలకూ ఉంది. అమెరికాలో 2009 మార్చిలో జేసన్ అనే డ్రైవరు దక్షిణ కరొలినా రాష్ట్రానికి పాల లోడు తీసుకువెళుతున్నాడు. దించవలసిన వేళకంటే ముందే దగ్గరికి చేరుకున్నాడు. ముందొస్తే లోపలికి రానివ్వరు. దగ్గరలో నిలుపుకునే జాగా లేదు. మూతపడిన పెట్రోలు బంకు ఒకటి కనిపిస్తే అక్కడ ఆపి పడుకున్నాడు. ఆ రాత్రి ఒక దొంగ వచ్చి కాల్చి చంపి, అతని దగ్గరున్న డబ్బు పట్టుకుపోయాడు. ఎంతనుకున్నారు? ఏడు డాలర్లు. అప్పటికి అతని భార్య నిండు గర్భిణి. కొద్దిరోజులకే కవలపిల్లల్ని కన్నది. ఆ పసిపిల్లల్ని సాకుతూనే ఆమె ఊరుకోకుండా తిరిగింది, రాసింది, చట్టసభవాళ్లను కలిసింది. 2012లో లారీలు నిలుపుకునే జాగాలకు రహదారుల నిధులు వాడవచ్చునని చట్టం వచ్చింది. దాన్ని జేసన్ చట్టం అనే పిలుస్తారు. ఆ చట్టం ప్రకారం డ్రైవర్లను విచారిస్తే, నాలుగింట మూడువంతులకు పైగా తమకు భద్రమైన చోటు దొరకడం తరచూ కష్టమవుతోందన్నారు. అక్కడ పదకొండు గంటలు నడిపాక బండి ఆపి తీరాలి, బండిలోనే లెక్కరాసే యంత్రం ఉంటుంది. ఆపమంటుంది చట్టం, ఎక్కడ అని మాత్రం చెప్పదు.

యూరప్‌వాళ్లు దీన్ని ఇంకొక రకంగా పట్టుకున్నారు. లారీలు నిలిపే స్థలాలకు వాళ్లు తరగతులు పెట్టారు. కంచు, వెండి, బంగారం, ప్లాటినం. ఏ తరగతికైనా స్నానాల గదులూ మరుగుదొడ్లూ ఉండవలసిందే. తేడా అంతా కాపలాలో. చుట్టూ ఆవరణ, దీపాలు, కెమెరాలు, ఆ పైన గేటు దగ్గర తనిఖీ, మనుషుల కాపలా. తరగతి పెరిగినకొద్దీ కంచె గట్టిపడుతుందే గాని పరుపు మెత్తబడదు. దీన్ని ఎవరు ఆలోచించారో గాని మన తుని డ్రైవరు మాట విన్నట్టే ఉంది. ముఖ్యమైన రహదారుల మీద సుమారు నూటయాభై కిలోమీటర్లకు ఒకటి చొప్పున 2040 నాటికి ఇట్లాంటివి ఉండాలని 2024లో చట్టం చేసుకున్నారు. ఇప్పటికి అక్కడా లక్ష లారీలకు చోటు చాలడం లేదని లెక్క.

మనవాళ్లు నిద్రపోతున్నారని అనకూడదు. పెట్రోలు బంకుల ఆవరణలో "అప్నా ఘర్" అని డ్రైవర్లకు బసలు కట్టించారు ప్రభుత్వ చమురు సంస్థలవారు. వరస మంచాల గది, స్నానానికి తొట్లు, మంచినీళ్లు, కావాలంటే వండుకోవడానికి చోటు. ఫోనులోనే మంచం ఖాయం చేసుకోవచ్చు. 2025 నడుమకి దేశంలో ఇవి మూడువందల యాభై దాటాయి. అన్నిట్లో కలిపి మంచాలు నాలుగున్నరవేల పైచిలుకు. భాగించి చూస్తే ఒక్కో చోట పన్నెండో పదమూడో. రాత్రి పదిగంటలకు పెద్ద బంకు ముందు నిలబడి లారీలు లెక్కపెట్టినవాళ్లకు ఇది ఎంతో తెలుస్తుంది. అయినా మొదలుపెట్టడం గొప్పే. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జాతీయ రహదారుల మీద తొలి విడతగా వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని ప్రకటించారు. కొత్తగా తయారయ్యే పెద్ద లారీల్లో డ్రైవరు గదికి ఏసీ ఉండి తీరాలని నిబంధనా వచ్చింది. వైశాఖమాసంలో ఇంజను సెగ పక్కన కూర్చుని ఒంగోలు నుంచి నెల్లూరు పోయినవాడికి ఆ ఏసీ విలువ తెలుస్తుంది. కాని ఇంజను ఆపితే మామూలుగా ఏసీ కూడా ఆగుతుంది. నడిపేవేళ చల్లదనం వచ్చింది, పడుకునేవేళకు ఇంకా రాలేదు.

ఈ కొత్త భవనాలు ఎట్లా ఉంటే బాగుంటుందో చెప్పమంటే, నేనైతే భవనం దగ్గర మొదలుపెట్టను. ముందు చుట్టూ కంచె. లోపలికి ఒకటే దారి, బయటికి ఒకటే దారి, ఆ రెండిటి దగ్గరా నంబరు రాసుకునే మనిషి. బండి ఎవరు తెచ్చారో వాళ్లే తీసుకుపోవాలి. ఇంత జరిగితే డ్రైవరు తన బండిలో పడుకున్నా నిద్రే, చాపమీద పడుకున్నా నిద్రే. తరవాత నీళ్లు. రెండు రోజుల చెమటా డీజిలు వాసనా వదిలేటట్టు బొక్కెనలతో పోసుకునే నీళ్లు. బట్టలు ఉతుక్కుని ఆరేసుకునే తీగ. మన వాస్తుశిల్పులు అద్దాలు, టైల్సు మరిచిపోరు గాని బట్టలారేసే తీగ మరిచిపోతారు. తిండికి మాత్రం పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. దాబావాళ్లు ఉన్నారు. వేడి అన్నం, పప్పు, మిరపకాయల పచ్చడి, అడిగినన్ని నీళ్లు. మన రోడ్ల మీద డ్రైవర్లను మనుషులుగా చూసి మంచం వేసినవాళ్లు మొదటినుంచీ వాళ్లే. వాళ్లను తోసేసి అద్దాల హోటళ్లు పెడితే ఎవరికోసం పెట్టినట్టు?

అన్నట్టు, ఇప్పటికే రహదారి పక్కన అందమైన హోటళ్లు చాలా లేచాయి. పిల్లలకు ఉయ్యాలలు, పెద్దలకు ఫిల్టరు కాఫీ. మనమంతా ఆగేచోట్లే. వాటిల్లో కొన్నిటి ముందు బోర్డు ఒకటి చూస్తుంటాను: లారీలకు ప్రవేశం లేదు. స్థలం చాలదనే కావచ్చు. కాని ఆ వంటింట్లోకి బియ్యం బస్తా నడిచి వచ్చిందా?

బాటసారికి అన్నం పెట్టడం, పడుకోబెట్టడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు ఏ వేళ ఎవరు వచ్చినా వండి పెట్టిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాం. ఊరూరా సత్రాలు కట్టించిన పుణ్యాత్ములు ఉన్నారు. ఆనాటి బాటసారి వెంట మూట ఒక్కటే ఉండేది, తలకింద పెట్టుకుని పడుకునేవాడు. ఈనాటి బాటసారి మూట పాతిక టన్నులు. తలకింద పెట్టుకోలేడు. సత్రం తలుపు చిన్నది, మూట పెద్దది. అంతే వచ్చిన చిక్కు.

రహదారి సంస్థలు, చమురు సంస్థలు వాటి పని అవి చేస్తాయి, ఆలస్యమైనా చేస్తాయి. ఈలోగా కొన్ని వందల మజిలీలు కట్టకుండానే కట్టి ఉన్నాయని నా అనుమానం. ఎక్కడంటారా? మన ఫ్యాక్టరీలు, గిడ్డంగులు, కోల్డు స్టోరేజీలు. లోడు తెచ్చిన లారీ రాత్రి పదింటికి గేటు ముందుకొస్తే, "పొద్దున ఎనిమిదింటికి రా" అంటాడు వాచ్‌మన్. అతని తప్పు లేదు, అతనికి చెప్పింది అది. లారీ బయట చీకట్లో, మురికికాలవ పక్కన నిలబడుతుంది. జేసన్ లారీ నిలబడినట్టే. గేటుకు ఇవతల పెద్ద మైదానం ఖాళీగా ఉంటుంది. దీపం రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. వాచ్‌మన్ ఎలాగూ మేలుకునే ఉంటాడు. కుళాయి ఉంటుంది. ప్రహరీ గోడ మీద గాజుపెంకులు కూడా ఉంటాయి! బండిని లోపల పెట్టుకోనిచ్చి, నంబరు రాసుకుని, ఇక్కడే పడుకో అనడానికి పార్లమెంటు కూర్చోనక్కర్లేదు. సరుకు మీదే, దాన్ని బయట పెట్టుకుని గోడ లోపల ఖాళీ జాగాకు కాపలా కాయడంలో లాభం ఏమిటో నాకు బోధపడదు. కొన్ని కంపెనీలు ఇప్పటికే లోపలికి రానిస్తున్నాయని డ్రైవర్లే చెబుతారు. ఏ కంపెనీ రానిస్తుంది, ఏది రానివ్వదు అన్నది వాళ్లకు కంఠతా వచ్చు.

ఈ పేజీ చదివేవారిలో అట్లాంటిచోట్ల మేనేజర్లు, స్టోరు కీపర్లు, అకౌంటెంట్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల ఇంట్లోవాళ్లయినా ఉంటారు. రేపు పనిలోకి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి, రాత్రి వచ్చిన లారీ ఎక్కడ నిలబడిందో, దాని డ్రైవరు ఎక్కడ పడుకున్నాడో వాచ్‌మన్‌ను అడగండి. ఏం చెప్పాడో నాకు రాయండి.